మార్టినీ-హెన్రీ తుపాకీ మర: చెక్కలో రెండింతల నమూనా, పని డైరీ

నేను పాడుచేసిన ప్లైవుడ్ ఇంకెవరూ పాడుచేయకూడదని ఈ డైరీ పెడుతున్నాను. 1871లో బ్రిటిష్ సైన్యం ఖాయం చేసుకున్న మార్టినీ-హెన్రీ తుపాకీ లోపలి మర ఎలా కదులుతుందో పిల్లలకు చూపించాలి. అద్దాల పెట్టెలో పెట్టిన తుపాకీని గంటసేపు చూసినా బయట చెక్క, ఇనుము, కింద వేలాడే మీట తప్ప ఇంకేం తెలియదు. మా బావమరిది హైస్కూల్లో సోషల్ చెబుతాడు. "బావా, ఇది లోపల ఎట్టా పనిచేస్తదో ఒకసారి కోసి చూపించగలవా?" అన్నాడు. ఫౌండ్రీలో 28 ఏళ్లు చెక్క పాటర్నులు చేసినవాణ్ణి, లేదని ఎలా అంటాను.

ముందే చెప్పేస్తున్నాను. ఇది పేలదు, పేల్చడానికి పనికిరాదు. అసలు సైజుకు రెండింతలు, ప్లైవుడ్, అక్రిలిక్. గొట్టాన్ని నిలువునా సగానికి కోసి పెట్టాను కాబట్టి అసలు గొట్టమే లేదు. తూటాను పేల్చే సూది, గొట్టం వెనక భాగాన్ని మూసే దిమ్మె ముఖం దాకా రాదు, 10 మి.మీ. ఇవతలే ఆగిపోతుంది. రెండింతలు ఎందుకంటే, అసలు సైజులో చేసి బస్సెక్కితే ఎవరికైనా అనుమానం వస్తుంది. పైగా వెనక బెంచీ వాళ్లకు కనపడదు.

దశ 0: కొలతలు (జూన్ 8 – 11)

అసలు కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. మి.మీ.లోకి మార్చి రెండుతో హెచ్చించాను. నేను వాడినవి ఇవి:

1. గొట్టం లోపలి వ్యాసం: 0.450 అంగుళం. రెండింతలు చేస్తే 22.9 మి.మీ.
2. తూటా గొట్టం అడుగు వ్యాసం: 0.668 అంగుళం. 33.9 మి.మీ.
3. తూటా అడుగంచు: 0.746 అంగుళం. 37.9 మి.మీ.
4. ఖాళీ తూటా పొడవు: 2.34 అంగుళాలు. 118.9 మి.మీ.
5. గుండుతో కలిపి తూటా పొడవు: 3.12 అంగుళాలు. 158.5 మి.మీ.

అసలు గొట్టం 33 అంగుళాల పైచిలుకు. రెండింతలు చేస్తే దాదాపు 1.7 మీటర్లవుతుంది. మనకు కావలసింది వెనక భాగమే, 300 మి.మీ. దగ్గర కోసేశాను.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. తూటా అడుగు వ్యాసానికి, అంచు వ్యాసానికి తేడా చూసుకోకుండా అర (గొట్టం వెనక చివర తూటా కూర్చునే చోటు) మొత్తాన్ని 38 మి.మీ. గీశాను. అంచు ఆనడానికి గట్టు లేకపోతే తూటా లోపలికి జారిపోతుంది. గీసిన కాగితం చించేసి మళ్లీ గీశాను. చెక్క కోయక ముందే కనపడింది కాబట్టి నష్టం కాగితమే.

*ఇప్పటివరకు: 6 గంటలు, రూ. 140 (ఏ3 కాగితాలు, జిరాక్సులు).*

దశ 1: ముందు స్నైడర్ (జూన్ 12 – 20)

నేరుగా మార్టినీకి దిగితే అది దేనికి జవాబుగా వచ్చిందో పిల్లలకు అర్థం కాదని బావమరిది పట్టుబట్టాడు. అందుకే చేయి తిరగడం కోసం, మార్టినీకి ముందు వాడిన స్నైడర్ తుపాకీ ముక్క ఒకటి చేశాను. చేసి మంచిపనే అయింది.

1857 గొడవలో మనం చదువుకున్న తుపాకీ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. కొవ్వు పూసిన కాగితపు తూటాను నోటితో కొరికి, మందును మూతి వైపు నుంచి పోసి, కడ్డీతో కూరాలి. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట పుట్టింది ఆ కాగితం దగ్గరే. తొమ్మిదేళ్ల తర్వాత, 1866లో, అదే ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని వెనక కొంచెం కోసి, కుడివైపుకి తెరుచుకునే దిమ్మె ఒకటి బందు మీద బిగించారు. ఆ ఉపాయం అమెరికావాడైన జేకబ్ స్నైడర్‌ది. తన తుపాకీ లక్షల్లో తయారవడం చూడకుండానే ఆయన ఆ ఏడాదే చనిపోయాడు. నిమిషానికి మూడు గుండ్లు కాల్చే తుపాకీ పది కాల్చేదయింది. కొరికే పనీ లేదు, తూటా ఇత్తడి రేకుది.

తలుపు బందు ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఒక దిమ్మె, ఒక కడ్డీ, ఒక స్ప్రింగు. నేను చేసిన తప్పు: దిమ్మె తెరిచి వెనక్కి లాగితే తూటా బయట పడుతుందనుకున్నాను. పడలేదు. కొక్కెం దాన్ని అరలోంచి లాగి గాడిలో వదిలేస్తుంది, అంతే. నా కొక్కేనిదే లోపమనుకుని రెండు రోజులు దాని పొడవు మారుస్తూ కూర్చున్నాను. తర్వాత చూస్తే అసలు తుపాకీతోనూ సిపాయి దాన్ని పక్కకి బోర్లించి ఖాళీ తూటాను దులపాల్సిందే. నేను దిద్దుతున్నది లోపం కాదు, దాని పద్ధతే అది. బ్రిటన్ వాళ్లు స్నైడర్‌ను తాత్కాలికమనుకుంటూ కొత్తదాని కోసం వెతికింది కొంత ఇందుకే.

ఒక పక్క మాట. 1857 తర్వాత మన సిపాయిల చేతికి ఎన్‌ఫీల్డ్ కూడా ఇవ్వలేదు. లోపల గుండును తిప్పే గాళ్లు లేని నున్నటి గొట్టం తుపాకులిచ్చారు. 1868లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదికి దండు వెళ్లింది, మద్రాసు సాపర్లు (సైన్యంలో దారులు, వంతెనలు వేసేవాళ్లు) కూడా అందులో ఉన్నారు. ఆ ఏప్రిల్‌లో అరోగీ దగ్గర జరిగిన పోరులో తెల్ల పటాలం చేతిలో స్నైడర్, పంజాబు పయనీర్ల చేతిలో మూతి నుంచి కూరే మస్కెట్. 1880 జులై 27న అఫ్గానిస్తాన్‌లో మైవంద్ దగ్గర బ్రిటిష్ 66వ పటాలం దగ్గర మార్టినీ-హెన్రీ, పక్కనే నిలబడ్డ బొంబాయి పటాలాల దగ్గర అప్పటికి పాతబడిన స్నైడర్. ఎప్పుడు చూసినా ఒక తరం వెనక. అదేదో పొరపాటు కాదు, తెలిసి పెట్టుకున్న నియమం. బావమరిది పాఠంలో ఇదే ముఖ్యమైన ముక్క. అందుకే రెండు నమూనాలూ ఒకే బల్ల మీద పెట్టాలన్నాడు.

*ఇప్పటివరకు: 20 గంటలు, రూ. 600.*

దశ 2: దిమ్మె (జూన్ 22 – జులై 9)

అసలు పని ఇది. మార్టినీలో దిమ్మె తలుపులా పక్కకి తెరుచుకోదు. వెనక చివర ఒక పిన్ను మీద ఆని ఉంటుంది. కింద మీటను కిందికి లాగితే ముందు చివర దిగుతుంది. ఏతంలాగా ఒక చివర కదలదు, రెండో చివర పైకీ కిందికీ ఆడుతుంది. దిమ్మె పైన గాడి ఉంటుంది, తూటాను అందులో పెట్టి వేలితో తోస్తే నేరుగా అరలోకి వెళుతుంది.

ఈ ఊహ మార్టినీది కాదు. బోస్టన్‌కు చెందిన హెన్రీ పీబాడీ 1862లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. ఫ్రెడ్రిక్ ఫాన్ మార్టినీ స్విట్జర్లాండ్‌లోని ఫ్రావెన్‌ఫెల్డ్‌లో ఇంజినీరు. ఆయన మార్చింది లోపలి కీలు, దాని సంగతి దశ 3లో. గొట్టం ఎడిన్‌బరోలో తుపాకులు చేసే అలెగ్జాండర్ హెన్రీది. లోపల ఏడు గాళ్లు, 22 అంగుళాలకు ఒక చుట్టు. పేరులో ఉన్న ఇద్దరూ కలిసి పని చేసినవాళ్లు కారు. పోటీకి వచ్చిన తుపాకుల్లోంచి ఒకరి మర, ఇంకొకరి గొట్టం తీసుకుని అతికింది బ్రిటిష్ సైన్యపు కమిటీ.

నా దిమ్మె:

1. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు ఫెవికాల్‌తో అతికి, రాత్రంతా క్లాంపుల్లో ఉంచాను. మందం 36.
2. పిన్ను నుంచి ముఖం దాకా 150 మి.మీ.
3. ముఖం ఎత్తు 36. ముందు చివర దాదాపు 39 మి.మీ. దిగాలి, అంటే 15 డిగ్రీలు.
4. రెండు పక్కలా 5 మి.మీ. అక్రిలిక్ పలకలు. లోపల అన్నీ కనపడాలి.

మొదటి దిమ్మె, పోయింది. పిన్నును దిమ్మె ఎత్తుకు సరిగ్గా మధ్యలో పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మీట లాగితే దిమ్మె కొంచెం దిగి గొట్టానికి తగిలి ఆగిపోయింది. చిత్రిక పట్టాను, ఇంకా పట్టింది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ముఖం పై మూల పిన్ను కంటే 18 మి.మీ. ఎత్తులో ఉంది. 150కి 18కి కర్ణం 151.08. అంటే దిమ్మె దిగేటప్పుడు ఆ మూల ఒక మిల్లీమీటరు పైచిలుకు ముందుకు పొడుచుకొస్తుంది. ముఖాన్ని అరిగిస్తే తట్టడం పోతుంది గాని, మూసినప్పుడు తూటా వెనక ఖాళీ మిగులుతుంది. తూటా వెనక ఖాళీ మంచిది కాదు, చెక్క బొమ్మలో కూడా.

రెండో దిమ్మె. పిన్నును ముఖం పై అంచు గీతకు ఎక్కించాను. ఇప్పుడు ముఖంలో ఏ చుక్కా పిన్ను కంటే ఎత్తులో లేదు, దిగినప్పుడు అన్నీ వెనక్కే పోతాయి. తట్టడం పోయింది. మూసేటప్పుడు ముఖం తూటా అడుగును మెల్లగా ముందుకు తోస్తూ వస్తుంది, చేతికి తెలుస్తుంది. అసలు తుపాకీలోనూ పిన్ను వెనక పైవైపునే ఉంటుంది. ఫోటోలో రోజూ చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఆలోచించలేదు.

200 సార్లు తెరిచి మూశాక వెర్నియర్ పెట్టాను. 8.0 ఉన్న పిన్ను రంధ్రం 8.6 అయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. సి-క్లాంపుతో ముఖం మీద ఒత్తిడి పెట్టి చూస్తే భారం మొత్తం పిన్ను మీద పడుతోంది. అసలు మార్టినీలో అలా ఉండదు. దిమ్మె వెనక చివర గుండ్రంగా ఉండి, బాడీ వెనక గోడలో అదే గుండ్రని గుంటలో కూర్చుంటుంది. పేలినప్పుడు దెబ్బ ఆ గుంటకు పోతుంది. పిన్ను దిమ్మె పడిపోకుండా పట్టుకుంటుంది, అంతే దాని పని.

మూడో దిమ్మె. వెనక చివరను మూపురంలా 18 మి.మీ. పైకి వదిలి, పిన్ను కేంద్రంగా 18 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఆకురాయి పెట్టాను. బాడీలో దానికి సరిపోయే గుంట చెక్కి సన్‌మైకా ముక్క అతికాను. పిన్ను రంధ్రాన్ని కావాలనే 9 మి.మీ. చేశాను, 8 మి.మీ. బోల్టు వదులుగా ఆడాలి. మళ్లీ 200 సార్లు. రంధ్రం 9.0 దగ్గరే ఉంది. సన్‌మైకా మీద మెరుపు వచ్చింది, అరుగుదల లేదు.

అక్రిలిక్ గురించి ఒక ముక్క. చెక్క బిట్టుతో జోరుగా రంధ్రం చేస్తే చివరి క్షణంలో పలక పగులుతుంది. రూ. 340 పలక అలా పోయింది. కింద చెత్త చెక్క పెట్టి, 3 మి.మీ.తో మొదలుపెట్టి, రెండు మూడు బిట్లు మారుస్తూ, డ్రిల్లు మెల్లగా తిప్పుతూ, చుక్క నీళ్లు వేస్తూ చేయండి.

*ఇప్పటివరకు: 47 గంటలు, రూ. 1,950. పారేసిన దిమ్మెలు 2, పలక 1.*

దశ 3: మీట, స్ప్రింగు, టంబ్లర్ (జులై 11 – 22)

పీబాడీ తుపాకీలో దిమ్మె దింపడం ఒక పని, బయట ఉన్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టడం ఇంకో పని. మార్టినీ ఆ సుత్తిని తీసేసి, దిమ్మె లోపలే చుట్టల స్ప్రింగు, దాని మధ్యలో సూది పెట్టాడు. మీట కిందికి లాగితే దిమ్మె దిగుతుంది, ఖాళీ తూటా ఎగురుతుంది, సూది వెనక్కి పోయి స్ప్రింగు బిగుస్తుంది. మూడు పనులు ఒకే ఊపులో. తర్వాత తూటా పెట్టి, మీట పైకి, ట్రిగ్గర్. ఈ పొదుపే ఆ తుపాకీ పేరు నిలబెట్టింది. అలవాటైన చేయి నిమిషానికి పన్నెండు దాకా కాల్చేది.

మీట ఇరుసు మీదే టంబ్లర్ ఉంటుంది, దాని కొమ్ము సూదిని వెనక్కి లాగుతుంది. నా టంబ్లర్ మొదట ప్లైవుడ్. ట్రిగ్గర్ కొస పట్టుకునే గంటు 31వ సారికి పొర లేచిపోయింది. ప్లైవుడ్‌లో సన్న గంటు నిలవదని 28 ఏళ్ల పాటర్న్ మేకరుకి తెలియదా అంటే తెలుసు. బద్ధకం. 3 మి.మీ. అల్యూమినియం బద్ద కోసి ఆకురాయి పెట్టాను, మళ్లీ ఆ గొడవ లేదు.

స్ప్రింగు వెతకడానికి నాలుగు రోజులు. మీట చివర చేతి త్రాసు తగిలించి, టంబ్లర్ పట్టేదాకా ఎంత లాగాల్సి వస్తోందో కొలిచాను:

1. పాత టార్చిలైటు స్ప్రింగు: 1.2 కిలోలు. సూది కదులుతుంది గాని "టక్" అనదు. టక్ అనకపోతే పిల్లలు ఒప్పుకోరు.
2. బైకు క్లచ్ స్ప్రింగు: 9 కిలోలు. అక్రిలిక్ పలక వంగింది.
3. హార్డ్‌వేర్ షాపులో డబ్బా అంతా బోర్లించి ఏరుకున్నది: 3.4 కిలోలు. ఇదే ఉంచాను. షాపతను మూడోసారి వెళ్లేసరికి "ఏం చేస్తున్నారండీ, రోబోటా?" అన్నాడు.

అసలు తుపాకీకి కుడిపక్క టంబ్లర్ ఇరుసు మీద కన్నీటిబొట్టు ఆకారంలో చిన్న సూచిక ఉంటుంది. సుత్తి బయట కనపడదు కాబట్టి, లోపల స్ప్రింగు బిగిసి ఉందా లేదా అన్నది సిపాయికి అదే చెబుతుంది. నేను ఎర్ర రంగు వేసి పెట్టాను. ఈ నమూనాలో పిల్లలు మొదట తాకేది దాన్నే.

*ఇప్పటివరకు: 66 గంటలు, రూ. 2,200.*

దశ 4: తూటా, లాగుడు కొక్కెం (జులై 24 – ఆగస్టు 17)

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నిజానికి ఎక్కువ గంటలు తిన్న దశ ఇదే.

కొక్కెం సులువు. వంకర తిరిగిన రెండు చేతుల మీట. దిమ్మె దిగుతూ కింది చేతిని కొడుతుంది, పై చేయి తూటా అంచును పట్టి వెనక్కి విసురుతుంది. బద్ద ముక్కతో ఒక్క పూటలో అయింది.

తూటాను లేతు మీద వేప చెక్కతో తీశాను. అడుగు 33.6 (అర 33.9), అంచు 37.9. 50 సార్లు పెట్టి తీస్తే 50 సార్లూ బయటికి ఎగిరింది. సంబరపడి వీడియో కూడా తీశాను. బావమరిది చూసి, "బావా, వాళ్ల తూటా ఇంత గట్టిగా లేదు కదా" అన్నాడు.

నిజమే. ఆ కాలపు తూటా కర్నల్ ఎడ్వర్డ్ బాక్సర్ చేసినది. సన్న ఇత్తడి రేకును కాగితంలా గుండ్రంగా చుట్టి, అడుగున ఇనుప బిళ్ళ బిగించిన గొట్టం. లోపల 85 గ్రెయిన్ల నల్ల మందు, అంటే ఐదున్నర గ్రాములు. దాని మీద తేనెమైనం బిళ్ళ. దాని మీద కాగితం చుట్టిన గుండు, 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాములు. 12 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం. మొదట తూటాను తిన్నగా, సన్నగా, పొడుగ్గా చేశారు. మరీ పొడుగైంది, వంగిపోయేది. తర్వాత దాన్ని పొట్టిచేసి సీసా మెడలా నొక్కారు. మన కొలతల్లో ఉన్నది ఆ సీసా తూటాయే.

సరే, రేకు తూటా చేద్దామని 0.1 మి.మీ. ఇత్తడి షిమ్ రేకు కొన్నాను. రేకు తూటా చేసిన తీరు:

1. పాత చెక్క తూటాను సానబట్టి 33.2కి తగ్గించి అచ్చుగా వాడాను.
2. రేకును దాని మీద రెండున్నర చుట్లు చుట్టి, కొసను పలచటి జిగురుతో అతికాను.
3. మెడ దగ్గర రేకు ముడతలు పడింది. చెంచా వెనకవైపుతో రుద్ది సరిచేశాను, పూర్తిగా సరి కాలేదు.
4. అడుగున 1.5 మి.మీ. ఇనుప బిళ్ళను మధ్యలో ఒక స్క్రూతో బిగించాను.
5. లోపల రంపపు పొట్టు, మూతిన చెక్క గుండు.

వట్టి అరలో 20 సార్లు పెట్టి తీశాను. 20 సార్లూ వచ్చింది. ఇక నల్ల మందు మసి. అసలుది వాడే ప్రశ్నే లేదు. మైదా జిగురులో బొగ్గుపొడి కలిపి అర లోపల పూశాను. హెయిర్ డ్రయ్యర్‌తో ఎండబెట్టి, తూటా పెట్టి, ఐదు నిమిషాలాగి మీట లాగాను.

20 సార్లకు లెక్క:

- సులువుగా వచ్చినవి 13.
- మీట మీద అరచేత్తో కొడితే గాని రానివి 4.
- అడుగు బిళ్ళ ఊడి కొక్కేనికి వచ్చేసి, రేకు గొట్టం లోపలే ఇరుక్కుపోయినవి 3.

మూడోసారి బిళ్ళ ఊడినప్పుడు నేను పని ఆపి బయటికెళ్లి టీ తాగొచ్చాను. ఇత్తడి రేకు గొట్టం అరకు అతుక్కుని, బిళ్ళ చేతిలోకి వచ్చేస్తే ముందు వైపు నుంచి కడ్డీతో పొడవడం తప్ప దారి లేదు. నాకైతే ఎదురుగా ఎవరూ లేరు. 1885 జనవరి 17న సూడాన్‌లో అబూ క్లియా దగ్గర ఉన్నవాళ్లకు ఎదురుగా మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. ఎండకు, వరుసగా కాల్చిన వేడికి, ఇసుకకు, మసికి తూటాలు ఇరుక్కున్నాయి, చాలామంది తుపాకులు అక్కరకొచ్చే వేళకు ఆగిపోయాయి. తెచ్చుకున్న గార్డనర్ మరఫిరంగి కూడా అదే రోజు ఇరుక్కుంది.

అప్పటిదాకా నేను దిమ్మె మీద పడ్డ పాట్లే ఈ తుపాకీ కథ అనుకున్నాను. దిమ్మె నా దగ్గరా, వాళ్ల దగ్గరా బాగానే నిలబడింది. ఇబ్బంది పెట్టింది తూటా. తర్వాతి ఏళ్లలో చుట్టిన రేకు పోయి ఒకే ముక్కగా సాగదీసిన ఇత్తడి గొట్టం వచ్చింది. నా వేప చెక్క తూటా తెలియకుండానే ఆ చివరి రకం అన్నమాట. పాతదాని జోలికి పోకుండా కొత్తదానితో మొదలుపెట్టి, యాభైకి యాభై అని వీడియో తీసుకున్నాను.

1880ల చివర వచ్చిన ఈ తుపాకీ నాలుగో రకం, మార్క్ 4లో ఇంకో మార్పు కూడా ఉంది, మీటను పొడవు చేశారు. దాన్నీ పరీక్షించాను. నా మీట 260 మి.మీ. ఇరుక్కున్న తూటాను లాగడానికి చివర 5.2 కిలోలు పట్టింది. 340 మి.మీ. బద్దతో కొత్త మీట చేస్తే 4 కిలోలు. లెక్క ప్రకారం కూడా 3.98 రావాలి. కానీ దీనికో తిరకాసు ఉంది: పొడుగు మీటతో లాగినప్పుడు బిళ్ళ ఊడటం తగ్గలేదు. 10లో 2 ఊడాయి. బలం పెరిగినంత మాత్రాన రేకు గట్టిపడదు కదా.

పొట్టి మీటనే నమూనాకు ఉంచి, పొడుగుదాన్ని పక్కన విడిగా పెట్టాను. పిల్లలు రెండూ మార్చి లాగి చూసుకోవచ్చు.

*ఇప్పటివరకు: 97 గంటలు, రూ. 3,000. చెడిన రేకు తూటాలు 9.*

దశ 5: పెట్టె (ఆగస్టు 19 – 23)

నమూనా మోయడానికి పెట్టె కావాలి. ఉత్తి పెట్టె ఎందుకని తూటాల పెట్టె పద్ధతిలో చేశాను. అసలు పెట్టె గట్టి కలపతో, రాగి పట్టీలతో, లోపల తగరపు రేకుతో ఉండేది. పదేసి తూటాల పొట్లాలు 60, మొత్తం 600. పైన మధ్యలో జారుడు మూత. ఆ మూతను పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ.

1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానాలో జూలూలు బ్రిటిష్ దండును తుడిచిపెట్టారు. బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చనిపోయారు. పెట్టెల స్క్రూలు తీయడానికి స్క్రూడ్రైవర్లు దొరక్కే ఓడిపోయారన్న కథ చాలాకాలం నడిచింది. వడ్రంగం తెలిసినవాడికి ఆ కథ మొదటిసారి వినగానే మింగుడుపడదు. అయినా కొలిచి చూద్దామని:

1. పైన్ చెక్కతో 620 × 300 మి.మీ. పెట్టె, మధ్యలో జారుడు మూత, 50 మి.మీ. ఇత్తడి స్క్రూ ఒకటి.
2. స్క్రూడ్రైవర్‌తో తీయడం: 41 సెకన్లు.
3. సుత్తితో మూత అంచు మీద పక్క నుంచి కొట్టడం: రెండో దెబ్బకు స్క్రూ చుట్టూ చెక్క చీలి మూత జారింది. 4 సెకన్లు.

నా పైన్ చెక్క వాళ్ల కలపంత గట్టిది కాదు, నిజమే. అయినా ప్రాణం మీదికి వచ్చినవాడు స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటూ కూర్చోడు. ఆ మధ్యాహ్నమే పది మైళ్ల దూరంలో రోర్క్స్ డ్రిఫ్ట్‌లో 150 మంది చిల్లర, ఆ రాత్రంతా ఇదే తుపాకీతో, ఇవే పెట్టెలు తెరుచుకుంటూ నిలబడ్డారు. 20,000 తూటాల దాకా కాల్చి, తెల్లారేసరికి 900 మిగిలాయంటారు. గొట్టాలు పట్టుకోలేనంత కాలిపోయేవి. అందుకే ఆ రోజుల్లో సిపాయిలు గొట్టం కింది చెక్క చుట్టూ తోలు కుట్టుకునేవారు.

కొత్త మూత చేయాల్సి వచ్చింది. ఈసారి స్క్రూ బదులు కడియం పెట్టాను.

*ఇప్పటివరకు: 106 గంటలు, రూ. 3,960.*

దశ 6: బల్ల మీద (సెప్టెంబరు 6)

బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టర్, "హార్మోనియమా మాస్టారూ?" అన్నాడు. అవునన్నాను. అబద్ధమే, కానీ టిక్కెట్టు కొట్టే తొందరలో మార్టినీ గురించి ఎక్కడ చెబుతాం.

రెండు తరగతులు, దాదాపు 80 మంది పిల్లలు. స్నైడర్ పెట్టి, పక్కన మార్టినీ పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదాని దాకా మన సిపాయి చేతికి ఏది ఎప్పుడు వచ్చిందో బావమరిది చెప్పాడు. నేను మీట లాగుతూ కూర్చున్నాను. మైవంద్ దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మరి ఆ మధ్యన కొత్తది వాళ్లకెందుకివ్వలేదు సార్, ఇద్దరూ ఒకవైపే కదా?" అంది. ఆ పీరియడ్ మిగతాదంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. నమూనా అలా పక్కనే ఉండిపోయింది.

చెడినవి: ఎర్ర సూచిక పిల్లల చేతుల్లో ఊడింది, కొత్త స్క్రూలు, రంగు రూ. 40. ట్రిగ్గర్ కొస కొంచెం అరిగింది, ఆకురాయి రెండు లాగులు చాలు. రేకు తూటాల్లో ఒకటి నిజంగానే అందరి ముందూ ఇరుక్కుంది, బిళ్ళ నా చేతిలోకి వచ్చింది. పిల్లలు అది కావాలని చేశాననుకున్నారు.

ఇంకా మిగిలిన పని:

1. కొక్కెం పై చేతి కొసను 2 మి.మీ. వెడల్పు చేయాలి. అంచును ఒక్క చుక్క దగ్గర పట్టడం వల్లే బిళ్ళ వాలుతోందని అనుమానం.
2. అర లోపలికి లక్క పూత. మైదా జిగురు ప్లైవుడ్‌లోకి ఇంకి వాసన వస్తోంది, చీమలు కూడా పట్టాయి.
3. రేకు 0.1 బదులు 0.15 మి.మీ.తో పది తూటాలు. షాపులో లేదు, తెప్పిస్తానన్నారు.

*మొత్తం: 108 గంటలు, రూ. 4,000.*